తొమ్మిదో మెట్టు కాటా

లాగుడు బండి నంబరు 6. డ్రైవరు: వరాలు. హుక్కు మనిషి: దాలినాయుడు. మెరకపట్నం, వానాకాలం పుస్తకం.

పుష్యమి కార్తె, పదకొండో రోజు

పొద్దున ఏడింటి నుంచి వాన. ఆరో మెట్టులో రెండు బండ్లు లాగాం, తొమ్మిదో మెట్టులో నాలుగు. గొడవలు: ఒకటి. దెబ్బలు: లేవు.

ఈ పుస్తకం చేత్తో రాయాలని రూలు. వాన ముదిరితే సిగ్నలు పోతుంది, యంత్రాల్లో ఉన్నదీ పోతుంది. అందుకని డ్రైవర్లకి తలా ఒక పుస్తకం, ఒక పెన్సిలు ఇచ్చారు. ఎక్కడ లాగాం, ఏ బండి లాగాం, లాగకముందు కాటా ఎంత, లాగాక ఎంత. చివర 'ఇతర విషయాలు' అని పెద్ద గడి ఉంది. మిగతా డ్రైవర్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నేను నింపుతాను. తొందరగా ఇంటికి వెళ్ళినా చేసేదేమీ లేదు.

తొమ్మిదో మెట్టు, అంటే కొండ మీద తొమ్మిదో వీధి, మోయగలిగింది నూట ఇరవై టన్నులు. ఇవాళ వీధి మొదట్లో బోర్డు మీద నూట ఇరవై నాలుగు అని ఎర్రగా వెలుగుతోంది. రోడ్డు కింద పరిచిన పలకలు కొండ మీద పడే బరువుని తూచి ఆ అంకె చూపిస్తాయి. కొత్త బండ్లయితే బోర్డు ఎర్రబడగానే వాటంతట అవే దిగువ యార్డుకి వెళ్ళిపోతాయి. తొమ్మిదో మెట్టులో కొత్త బండ్లు లేవు. అన్నీ మనిషి నడిపే పాతవే. అవే మా పని.

దాలన్న హుక్కు తగిలించే ముందు ప్రతి బండి మీదా ఒకసారి చెయ్యి వేస్తాడు. "రా తల్లీ, నాలుగు రోజులు దిగువన ఉందువుగాని" అంటాడు. ఆయనకి యాభై ఆరేళ్ళు. మూడేళ్ళుగా ఇద్దరం ఒకే బండి మీద ఉన్నాం. లారీకైనా, స్కూటరుకైనా అదే మాట.

నాలుగోది ఆటో. వెనక సీటు తీసేసి, చక్రాల కుర్చీ ఎక్కేలా రేకు బిగించారు. హుక్కు పడుతుండగా దాని మనిషి పరిగెత్తుకొచ్చింది. పేరు పైడితల్లి అని రసీదు రాసేటప్పుడు తెలిసింది. నలభై దాటి ఉంటుంది. చేతులకి పిండి అంటుకుని ఉంది.

"ఒలమ్మా, అది తీసికెల్లిపోతే మా ఆయన్ని ఎలాగ దింపేది? ఆయన కాళ్ళు పడిపోయి ఆరేళ్ళయినాది."

"కాటా ఎర్రగా ఉందమ్మా. తగ్గగానే ఇచ్చేస్తారు."

"ఈ ఆటో బరువేటి, కొండ బరువేటి? మీకు కళ్ళు లేవేటి?"

రసీదు చింపి ఇచ్చాను. తీసుకోలేదు. దాలన్న దాన్ని ఆమె గుమ్మం ముందు రాయి కింద పెట్టాడు.

నాలుగు బండ్లూ కలిపి ఐదు టన్నుల పైనే. లాగాక కాటా నూట ఇరవై మూడు. ఒక్కటే తగ్గింది. రాసుకున్నాను.

పుష్యమి, పదమూడో రోజు

తొమ్మిదో మెట్టు మళ్ళీ ఎరుపు. పొద్దున నూట ఇరవై ఆరు. ఐదు బండ్లు లాగాం. లాగాక కూడా నూట ఇరవై ఆరు.

దాలన్న బోర్డు కింద నిలబడి, వాన కళ్ళలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"వరాలమ్మా, ఇది పాడైపోనాదేటి?"

"పలకలు కింద సరిచూశారట. బాగానే ఉన్నాయన్నారు."

"మరి మనం తీసిన బరువెక్కడికెల్తన్నాది?"

యార్డుకి దిగుతూ ఏడో మెట్టు మీదుగా వచ్చాం. అక్కడ ఇప్పుడు గడ్డి ఉంది. నాలుగేళ్ళ కిందట ఆ మెట్టు జారింది. నా భర్త గణపతి అప్పుడు అక్కడ ఒక ఇంట్లో కరెంటు పని చేస్తున్నాడు. అప్పటికి ఊళ్ళో కాటాలు లేవు. ఆ ఏడాదే పెట్టారు. లాగుడు బండ్లకి డ్రైవర్లు కావాలన్నారు, నాకు డ్రైవింగు వచ్చు, చేరాను. ఎర్రగా ఉంటే లాగాలి, పచ్చగా ఉంటే ఊరుకోవాలి. అంతకుమించి ఆలోచించాల్సింది ఉండదు. అందుకే ఈ పని నచ్చింది.

ఆ గడ్డి పక్కనుంచి రోజుకి నాలుగుసార్లు వెళ్తాం. మొదట్లో దాలన్న అక్కడికి రాగానే ఏదో ఒకటి మాట్లాడేవాడు. ఇప్పుడు ఇద్దరం మాట్లాడం. నాకు ఏమీ అనిపించదు. ఏదైనా అనిపిస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను. తర్వాత చూడటం మానేశాను.

ఆశ్లేష కార్తె, మొదటి రోజు

తొమ్మిదో మెట్టు: పొద్దున నూట ఇరవై తొమ్మిది. లాగినవి మూడు. లాగాక నూట ముప్పై.

తీస్తే పెరిగింది. ఇది ఎక్కడా చూడలేదు.

పైడితల్లి ఎదురొచ్చింది. అరవడానికి వచ్చిందనుకున్నాను. "మా ఆయన మిమ్మల్ని ఓసారి పిలమన్నాడు. తిట్టడానికి కాదు, రండి" అంది.

వాళ్ళ ఇల్లు వీధికి అటు చివర, ఎనిమిదో మెట్టుకి దిగే మెట్లదారి పక్కన. ఊరంతా కొండని మెట్లుగా చెక్కి కట్టిందే. ఒక్కో మెట్టూ ఒక్కో వీధి, ఒక్కో వీధినీ కింద ఒక రాతి గోడ మోస్తుంది. ఆ చివర గోడ వంపు తిరుగుతుంది కాబట్టి, ఆ ఇంటి కిటికీలోంచి గోడంతా కనిపిస్తుంది. కిటికీ పక్కన మంచం మీద సింహాద్రి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. భుజాలు దిట్టంగా ఉన్నాయి. నడుం కింద దుప్పటి.

"కూకోండమ్మా. ఈ గోడ కట్టినోల్లలో నేనొకణ్ణి" అన్నాడు. "మా మేనమామ మేస్త్రీ. గజానికో కన్నం ఎట్టించినాడు. కొండలో ఇంకిన నీరు ఆ కన్నాల్లోంచి బయటికొచ్చీయాల. ఇలాంటి వానకి అవి కుళాయిల్లాగ కారాల. సూడండి, ఒక్క సుక్కుందేటి?"

చూశాను. గోడ నిండా నీలం, పసుపు పువ్వుల బొమ్మలు. పోయిన ఎండాకాలంలో నగరం అందంగా ఉండాలని గోడలకి సిమెంటు పూసి రంగులు వేయించారు. కన్నాలు ఎక్కడా కనిపించలేదు.

"నీళ్ళు రావటం లేదంటే లోపల లేనట్టే కదా" అన్నాను.

"నీరెక్కడికెల్తాదమ్మా? గోడెనకాల నిలబడిపోనాది. మీ కాటా తూస్తన్నది బండ్లని కాదు. నీటిని."

దాలన్న బయటికి వెళ్ళి బండిలోంచి గునపం తెచ్చాడు. సింహాద్రి కిటికీలోంచి చెయ్యి చూపించి చెప్తుంటే, మెట్లదారిలో నిలబడి ఒక పసుపు పువ్వు మధ్యలో పొడిచాడు. నాలుగో పోటుకి సిమెంటు పెచ్చు ఊడింది. నీళ్ళు కాదు, ఎర్రటి బురద వచ్చింది. వేలు లావున, ఆగకుండా.

"ఆపీ బాబూ, ఇంక ముట్టుకోకు" అని అరిచాడు సింహాద్రి. తర్వాత గొంతు తగ్గించి నాతో అన్నాడు. "నీరొస్తే బాగుండును. మట్టి కూడా కదులుతన్నాదంటే ఇంక ఒక్కొక్క కన్నవూ పొడిసీ పని కాదు. మనుషుల్ని తీసీయాల."

పైడితల్లి మాకు టీ ఇచ్చింది. తాగాం. మేం లాగేసిన ఆటో గురించి ఆమె ఇవాళ ఎత్తలేదు.

ఆశ్లేష, రెండో రోజు

కాటా ఆఫీసుకి వెళ్ళాను. మా షిఫ్టు అధికారి జోగారావు గారు. బూట్లు విప్పి, తడిసిన మేజోళ్ళు హీటరు మీద ఆరబెట్టుకుంటున్నారు. నేను చెప్పిందంతా విన్నారు. మధ్యలో అడ్డుపడలేదు.

"గోడలు మన విభాగం కాదు వరాలు గారూ. అయినా ఇప్పుడే వాళ్ళకి పంపిస్తాను." నా ఎదురుగానే పంపించారు. కొంతసేపటికి జవాబొచ్చింది. చదివి బల్ల మీద బోర్లా పెట్టారు. "వారం అంటున్నారు. వాళ్ళ ఇంజినీరు పద్నాలుగో మెట్టులో ఉన్నాడట."

"వారం ఆగేలా లేదండీ."

"నాకు ఇంకో ఆర్డరు వచ్చింది. తొమ్మిదో మెట్టులో మిగిలిన బండ్లన్నీ తీసేయమని. ఒక్కటి కూడా ఉండకూడదట."

"తీస్తే తగ్గడం లేదు. మూడు రోజుల అంకెలు ఇందులో ఉన్నాయి."

పుస్తకం చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "చూస్తున్నానండీ" అన్నారు. పుస్తకం తిరిగి ఇస్తూ, "కానీ మీరు తీయకపోయాక ఏదైనా జరిగితే, తీయకపోవడం వల్లే జరిగిందంటారు" అన్నారు.

ఆయన సంతకం పెట్టారు. నేను ఆర్డరు కాగితం తీసుకున్నాను. వద్దని అనవచ్చు. అనలేదు. దాన్ని ఇక్కడ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం పదకొండు బండ్లు లాగాం. ఒక ముసలాయన తన వ్యాను ముందు పడుకున్నాడు. దాలన్న పక్కన కూర్చుని ఏదో చెప్పి లేపాడు. ఏం చెప్పావని అడిగితే, "ఏటీ సెప్పనేదు, నానూ కూకున్నానంతే" అన్నాడు.

ఆశ్లేష, మూడో రోజు

ఎనిమిది బండ్లు. ఆఖరిది స్కూటరు. తొమ్మిదో మెట్టులో ఇప్పుడు ఒక్క బండీ లేదు. మొత్తం ముప్పై ఒకటి. లాగాక కాటా: నూట ముప్పై నాలుగు.

ఖాళీ వీధి ఇంత పొడుగని నాకు తెలియదు. అటు చివర పైడితల్లి ఇంటి నుంచి ఇటు రాతి మలుపు దాకా నూట నలభై మీటర్లు, ఏటవాలుగా పైకి. మలుపు దగ్గర కొండ గట్టి రాయి, అక్కడికి ఏ ప్రమాదమూ లేదు. వీధి మాత్రం పోసిన మట్టి మీద ఉంది. మొత్తం ముప్పై ఎనిమిది ఇళ్ళు.

బండ్లు అయిపోగానే మలుపు దగ్గర ఇనుప గేటు దానంతట అదే పడింది. కాటా పచ్చబడేదాకా ఏ బండీ లోపలికి వెళ్ళడానికి లేదు. గేటు అవతల జనం గొడుగులు పట్టుకుని నిలబడి మమ్మల్ని చూశారు. ఎవరూ తిట్టలేదు.

ఆఫీసులో మళ్ళీ చెప్పాను. జోగారావు గారు జనాన్ని ఖాళీ చేయించమని పైకి రాశారట. ఖాళీ చేయించాలంటే గోడల ఇంజినీరు సంతకం కావాలన్నారట.

యార్డులో ఆ ముప్పై ఒక్క బండ్లనీ ఒకే వరసలో పెట్టారు. ఆటో మూలన ఉంది. మామూలుగా యార్డుకి రాగానే దాలన్న నవ్వుతూ ఉంటాడు, పని అయిపోయిందని. ఇవాళ ఆ వరస చివర నిలబడి, "ఆళ్ళ కాళ్ళు మనం పట్టుకొచ్చీసినాం వరాలమ్మా" అన్నాడు.

ఆశ్లేష, నాలుగో రోజు

ఇవాళ్టిది ఇవాళే రాయాలి. రాస్తున్నాను.

ఎనిమిదింటికి యార్డు తలుపు తీసేసరికి పైడితల్లి బయట నిలబడి ఉంది. ఐదున్నరకి బయల్దేరి నడిచి వచ్చిందట. మోకాళ్ళ దాకా బురద. నిన్న రోడ్డు మీద సన్నగా ఒక చీలిక కనిపించిందని, సింహాద్రి చెప్తే దాని మీద తనే అడ్డంగా సిమెంటు పట్టీ వేసిందట. మేస్త్రీలు అలాగే చూస్తారట. పట్టీ నిలబడితే భయం లేదు, పగిలితే నేల కదులుతున్నట్టు.

"తెల్లారి సూసేసరికి పట్టీ రెండు ముక్కలైపోనాది. నా అరచెయ్యంత ఎడం."

"ఎంతమంది ఉన్నారమ్మా వీధిలో?"

"నూట పాతికమందిమి. నడిసీవోళ్ళు నడిసొచ్చీగలరు. ముసలోళ్ళు, మంచం మీదోళ్ళు పదేడుగురున్నారు. రోడ్డంతా బురద, పట్టుకుంటే జారిపోతన్నారు. మెట్లదారీ ఇరిగిపోనాది."

ఆటో కోసం వచ్చిందనుకుని నేను తాళాల పెట్టె వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"బండి ఒద్దమ్మా. దాన్ని ఆ రోడ్డెక్కించీ పని నేదు. మీరు బండ్లని లాగినారు గదా. ఇప్పుడు మనుషుల్ని లాగండి."

దాలన్న అప్పటికే బండి ఎక్కి కూర్చున్నాడు.

దారిలో జోగారావు గారికి ఫోన్ చేశాను. అదృష్టం, కలిసింది.

"మీ బండే తొమ్మిది టన్నులండీ" అన్నారు.

"రోడ్డు మీద పెట్టం. రాతి మలుపు మీదే ఆపి రోపు వదుల్తాం. చక్రాల పలక మీద మనుషుల్ని పెట్టి వించ్‌తో పైకి లాగుతాం. గేటు తీయాలి."

"ఎరుపులో గేటు తీసే అధికారం నాకు లేదు." కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. "తీస్తున్నాను. ఎనిమిదో మెట్టు సైరన్ కూడా మోగిస్తాను. కింద ఉన్నవాళ్ళని నేనే వెళ్ళి లేపుతాను. మీరు పైది చూడండి."

తొమ్మిదిన్నరకి మలుపు చేరాం. గేటు తెరిచి ఉంది. బోర్డు మీద నూట నలభై రెండు. కింద సైరన్ మొదలైంది. నడవగలిగినవాళ్ళు సంచులతో, పిల్లలతో పైకి వస్తున్నారు. వాళ్ళకి పైడితల్లి ఎదురెళ్ళింది.

నేను బండి మీద రోపు చుట్టే వించ్ దగ్గర. దాలన్న అటు చివర. చక్రాలు తిరగని కార్ల కింద పెట్టే పలక అది, మంచమంత ఉంటుంది. నాలుగు చిన్న చక్రాలు. దాని మీద మనిషిని పడుకోబెట్టి, కార్లకి కట్టే పట్టీలతోనే కట్టి, చెయ్యి పైకెత్తుతాడు. నేను మీట నొక్కుతాను. పలక ఊగకుండా ఇద్దరు ముగ్గురు కుర్రకారు పక్కనే నడుస్తూ పైకి వస్తారు. దింపుతారు. ఖాళీ పలక కిందికి వదుల్తాను. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు పట్టింది.

లాగినవాటి వివరాలు ఈ పుస్తకంలో 'వాహనం నంబరు' అనే గడిలో రాయాలి. వేరే చోటు లేదు. అందుకని అక్కడే రాశాను.

గున్నమ్మ, తుంటి విరిగింది. చామంతి, నెలలు నిండిన మనిషి. అసిరయ్య, మొన్న వ్యాను ముందు పడుకున్న ముసలాయన. రమణమ్మ టీచరు, ఊపిరితిత్తుల జబ్బు, గాలి సిలిండరుతో సహా. ఎండు నూకయ్య. ఆయన తమ్ముడు. కళ్ళు లేని బోడెమ్మ కుట్టు మిషను వదిలి రానంది. ఇద్దరూ పట్టరని దాలన్న చెప్తే, "అయితే దాన్ని ముందట్టికెల్లు, నానెనకాలొస్తాను" అందట. దాలన్న మిషను ఆవిడ ఒళ్ళోనే కట్టి పంపించాడు. పైకొచ్చాక కూడా వదల్లేదు. ఇంకా తొమ్మిది మంది. పేర్లు పక్క పేజీలో ఉన్నాయి.

సింహాద్రి ఆఖరున వస్తానన్నాడు. ఆయన కిటికీ నుంచి తప్ప గోడ ఇంకెక్కడి నుంచీ కనపడదు. ఒక్కో పలక కదిలేముందు ఆయన గోడని చూసి "లాగండి" అనో, "ఆగండి" అనో కేక వేస్తే, దాలన్న దాన్ని బట్టి చెయ్యి ఎత్తాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక 'ఆగండి' అన్న కేక మళ్ళీ రాలేదు. ఇంక ఆగి లాభం లేదని ఆయనకి తెలిసినట్టుంది.

రెండుంపావుకి పదహారో మనిషి వచ్చారు. దాలన్న పలక పట్టుకొచ్చిన కుర్రకారుని మళ్ళీ కిందికి రావద్దని చెయ్యి ఊపాడు. పలక వదిలాను. సింహాద్రిని ఒక్కడే ఎత్తి పడుకోబెట్టి కట్టాడు. చెయ్యి ఎత్తాడు. పలక పక్కకి తిరగకుండా వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుని నడవసాగాడు. పైడితల్లి నా పక్కనే నిలబడి ఉంది.

సగం దాటారు. మలుపుకి ఇంకా అరవై మీటర్లు ఉంటుంది.

చప్పుడు నేననుకున్నంత పెద్దగా రాలేదు. తడిసిన గోనె సంచి ఈడ్చినట్టు వచ్చింది. అటు చివర ఇళ్ళు కిందికి వెళ్ళాయి. కూలలేదు, నిలబడే వెళ్ళాయి. తర్వాత వాటి వెనక రోడ్డు ముక్కలు ముక్కలుగా మా వైపు వచ్చింది. దాలన్న ఒకసారి వెనక్కి చూశాడు. పలకని ఒక్క తోపు తోశాడు. ఆ తోపుకి రోపు వదులైంది. "లాగీ!" అని కేక వేశాడు. పరిగెత్తాడు. నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగు కింద రోడ్డు లేదు.

రోపు దగ్గర మనిషి పడితే వించ్ ఆపాలి. మాకు నేర్పిన మొదటి రూలు అది. నేను ఆపలేదు. ఆపితే ఇద్దరూ పోయేవారు. ఆ లెక్క అప్పుడు వేశానని రాయలేను. మీట మీద చెయ్యి ఉంది, అది నొక్కుతూనే ఉంది.

పలక రెండు గెంతులు గెంతి మలుపు రాయి మీదకి వచ్చింది. సింహాద్రి నోట్లో మట్టి ఉంది. పైడితల్లి వేలు పెట్టి తీసింది.

లాగినవి: పదిహేడు. లాగకముందు కాటా: నూట నలభై రెండు. లాగాక: బోర్డు లేదు.

హుక్కు మనిషి సంతకం: 

ఆశ్లేష, ఏడో రోజు

దాలన్న నిన్న దొరికాడు. ఎనిమిదో మెట్టులో, మట్టి కింద. అక్కడ ఆయన తప్ప ఎవరూ లేరు. జోగారావు గారు ఇంటింటికీ వెళ్ళి తలుపులు బాది ముప్పై ఇళ్ళు ఖాళీ చేయించారు. ఆయన్ని పనిలోంచి పక్కన పెట్టారు. నన్ను కూడా. ఇవాళ విచారణ జరిగింది.

అధికారులు ముగ్గురు. మధ్యలో ఆవిడ నా పుస్తకం చదివి వచ్చారు.

"మనిషి పడ్డాడని చూశారా?"

"చూశానండీ."

"వించ్ ఎందుకు ఆపలేదు?"

"పలక మీద ఇంకో మనిషి ఉన్నాడు."

"గోడ సంగతి మీకు ముందే తెలుసు. అయినా ఇరవై రెండు బండ్లు లాగారు."

"తెలిశాక లాగినవి పంతొమ్మిదండీ. పదకొండు, ఎనిమిది. మీరు చెప్పిన మిగతా మూడూ తెలిసిన రోజువే, తెలియకముందు లాగినవి. అవి కూడా వేసుకోండి."

ఆవిడ రాసుకున్నారు. మిగతా గోడల మీద సిమెంటు ఊడగొట్టడం నిన్నటి నుంచి మొదలుపెట్టారని, సింహాద్రిని పిలిపించి ఏ కన్నం ఎక్కడుందో అడుగుతున్నారని బయట బంట్రోతు చెప్పాడు. పైడితల్లికి ఆటో ఇచ్చేశారట. ఆయన్ని అందులోనే తిప్పుతోందట.

మూడు రోజుల కిందటి సాయంత్రం సంగతి ఇంతవరకూ రాయలేదు. రాస్తాను.

ఆ రోజు ఐదున్నరకి బండి యార్డులో పెట్టాను. దాలన్న సీటు కింద ఆయన సంచి ఉంది. తీసుకుని నాలుగో మెట్టుకి వెళ్ళాను. ఆయన భార్య తవిటమ్మ గారిని అంతకుముందు రెండుసార్లు చూశాను, రెండుసార్లూ పండగలకే. వెళ్ళేసరికి ఆవిడకి ఎవరో చెప్పేశారు. ఇంటి నిండా మనుషులు ఉన్నారు. నన్ను చూసి దారి ఇచ్చారు. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

ఆవిడే అడిగింది.

"అన్నం తిన్నాడా అమ్మా?"

ఆ రోజు మేం ఎవరం ఏమీ తినలేదు.

"తిన్నాడండీ" అన్నాను.

ఆవిడ చెయ్యి చాపింది. సంచి ఇచ్చాను. అందులోంచి క్యారేజీ తీసి రెండు చేతులతో పట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుంది. మూత తీయక్కర్లేదు, పొద్దున ఎంత పెట్టిందో ఆవిడ చేతులకి తెలుసు. నా మొహం వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఎవరో ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టింది. రెండు కంచాలు తెచ్చి క్యారేజీ విప్పింది. అన్నం, ఆవ పెట్టిన అరటికాయ కూర, అడుగు గిన్నెలో మజ్జిగ. సగం సగం పెట్టింది. ఒక కంచం నా ముందుకి జరిపింది.

"నువ్వూ తినుండవు" అంది.

అన్నం చల్లబడి గట్టిగా అయింది. కూర బాగుంది. ఇంట్లో ఉన్నవాళ్ళంతా చూస్తుండగా ఇద్దరం మెతుకు మిగలకుండా తిన్నాం.